నేలలోకి దిగిన మొక్కురాళ్ళు

శైలకూట యువరాజు అశ్మకేతుడు పుట్టి బుద్ధెరిగాక నేలను ఎన్నడూ శంకించి ఎరుగడు. వాళ్ళ దేశంలో నేలంటే నల్లరాయి. గుర్రం దౌడు తీస్తే డెక్కల కింద నిప్పురవ్వలు లేస్తాయి. గునపం వేస్తే గునపమే వంగుతుంది. అలాంటివాడు తరళానది ఒడ్డున, పచ్చటి తివాచీ పరిచినట్టున్న చోట గుర్రం దిగి, దాహం తీర్చుకుందామని కాస్త ముందుకు నడిచేసరికి మోకాళ్ళదాకా దిగబడ్డాడు. కాలు లాక్కోబోయేసరికి నడుందాకా దిగబడ్డాడు. భుజబలమంతా చూపించేసరికి రొమ్ముదాకా దిగబడ్డాడు. అతడు చేసిన తప్పల్లా బలంగా ఉండటమే.

"కదలమాక" అందొక గొంతు.

తల తిప్పి చూశాడు. తుంగ కోసుకుంటున్న ముసలమ్మ. చేతిలో కొడవలి, నడుముకి తాడు, కాళ్ళకు చేటలంత వెడల్పున అల్లిన వెదురు చెప్పులు. ఊబి మీద నీటిపురుగు నడిచినట్టు నడిచి వస్తోంది.

"తన్నుకునే కొద్దీ మింగుద్ది. దానికి నీమీద కోపమేం లేదు నాయనా, తడిసుంది, అంతే. వెనక్కి వాలు. అమ్మ ఒళ్ళో పడుకున్నట్టు పడుకో."

శైలకూటంలో యువరాజుకు పడుకోమని చెప్పిన శత్రువులు చాలామంది ఉన్నారు గాని, విన్నది ఇదే మొదటిసారి. వెనక్కి వాలాడు. ముసలమ్మ తుంగమోపు విప్పి అతడి భుజాల కిందికి తోసింది. తాడు చంకల కిందుగా వేసి, రెండో కొస గుర్రం జీనుకు కట్టింది. గుర్రాన్ని అదిలించకుండా, దాని చెవిలో ఏదో ముచ్చట చెబుతున్నట్టు మెల్లగా నడిపించింది. ఊబి ఎంతసేపటికో ఒక నిట్టూర్పు లాంటి చప్పుడు చేసి యువరాజును వదిలింది.

ఒడ్డున పడి ఆయాసపడుతూ అతడు, ఈ ప్రాణం నీది అవ్వా, ఏం కావాలో కోరుకొమ్మన్నాడు. ఆమె అతడి తలగుడ్డనీ, భుజాన వేలాడుతున్న ఉలి, సుత్తి సంచినీ ఎగాదిగా చూసి, తిరగళ్ళకు గంట్లు పెట్టుకునేవాడివి నువ్వేం ఇస్తావులే అని నవ్వింది. అది మారువేషమని ఆమెకు తెలియదనుకున్నాడు యువరాజు. ఆమె పేరు నాంచారి. ఊళ్ళో అందరికీ నాంచారవ్వ.

"నాకేం వద్దు గాని, ఒక రాయి మొక్కుకో. మా ఊళ్ళో మేలు జరిగితే రాయి మొక్కుతాం" అంది.

ఇంతకీ యువరాజు ఆ ఊరికి ఎందుకు బయలుదేరాడంటే, శైలకూటపు ఆయుధశాలలో తరతరాలుగా వేలాడుతున్న కంపభేరిని శోషనాథుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. రాతినేల మీద ఆ భేరి మోగితే వంటింట్లో గిన్నెలు గలగలమనడం తప్ప ఇంకేమీ జరగదు. పండగపూట పిల్లలు దానిమీద దరువులు వేసుకునేవాళ్ళు. అంతటి మాంత్రికుడు అలాంటి డొక్కు భేరిని ఎందుకు దొంగిలించాడో ఎవరికీ అంతుపట్టలేదు. అంతుపట్టనిదేదో అందులో ఉందని రాజుగారికి భయం పట్టుకుని, దాన్ని వెతకమని కొడుకుని పంపించాడు. మాంత్రికుడి జాడ సైకతపురి వైపు వెళ్ళింది. అతడి ముఖం మాత్రం శైలకూటంలో ఎవరూ చూడలేదు. భేరి చప్పుడొక్కటే యువరాజుకు ఆనవాలు.

నాంచారవ్వను వెంటబెట్టుకుని వెళ్తూ, ఆమె ఊరు సైకతపురి కంటబడగానే అశ్మకేతుడు గుర్రం ఆపేశాడు. తరళానది రెండు పాయలై కౌగిలించుకున్న ఇసుకదిబ్బ మీద, సంధ్యాకాంతిలో కరిగించిన బంగారం పోతపోసినట్టు మెరుస్తోంది నగరం. ముత్యాలసరాల్లాంటి పాలరాతి పిట్టగోడలు, నెమలికంఠపు రంగు పెంకులు, గాలి వీచినప్పుడల్లా చిరుగంటలు మోగే చంద్రశాలలు, మేడమీద మేడ, మేడమీద మేడ. అన్నిటికీ మించి ఊరి నడుమ ఒక మహా శిలారాశి, పసుపు కుంకాలతో నిగనిగలాడుతూ, ఏనుగుల మంద ఒకదానిమీద ఒకటి ఎక్కి నిద్రపోతున్నట్టు ఉంది. అదే మొక్కుల గుట్ట. ఇసుకదేశంలో రాయి దొరకదు. ఎగువ కొండల నుంచి పడవల మీద రావాలి. అందుకే అక్కడ రాయే అన్నిటికన్నా ఘనమైన కానుక. బిడ్డ పుడితే రాయి, జ్వరం తగ్గితే రాయి, తప్పిపోయిన గేదె తిరిగొస్తే రాయి. నేలమ్మ తల్లికి కృతజ్ఞత చెప్పుకోవడం ఆ ఊరివాళ్ళకు అన్నం తినడమంత అలవాటు.

దగ్గరికి వెళ్ళాక మరో వింత కనిపించింది. ఆ ఊళ్ళో జనం ఇళ్ళలోకి కిటికీల్లోంచి దూరుతున్నారు.

నాంచారవ్వ తాపీగా చెప్పుకొచ్చింది. ఇళ్ళు కిందికి దిగుతున్నాయట. గుమ్మం మట్టిలోకి పోతే కిటికీని గుమ్మం చేసుకుంటారు, పైన కొత్త అంతస్తు వేసుకుంటారు. తాతలు పుట్టిన గది ఇప్పుడు నేలమాళిగ. పెళ్ళిసంబంధాలు చూసేటప్పుడు ఎన్ని అంతస్తులని అడగరు, ఎన్ని కనిపిస్తున్నాయని అడుగుతారు. వెనకటి కరువులో ఊరి బావులన్నీ ఎండిపోతే జలదాతస్వామి అనే గురువు వచ్చి, పెద్ద యంత్రం పెట్టి, నేల లోతుల్లోంచి నీరు తోడిచ్చి ప్రాణాలు కాపాడాడు. ఇళ్ళు దిగడం ఆ తర్వాతే మొదలైంది గాని, ప్రాణాలు నిలిపిన మనిషిని అనుమానించడం ఆ ఊళ్ళో ఎవరికీ చేతకాదు. గుట్టమీద ఆయన పేరన పడినన్ని రాళ్ళు రాజు పేరన కూడా పడలేదు. ఈమధ్య స్వామి యంత్రం ఆపేశాడు. నీళ్ళు తిరిగి పైకొచ్చి, బావులు చేత్తో ముంచుకునేంత నిండాయి. రేపు సాయంత్రం మొక్కుల పండగ. ఊరంతా గుట్ట చుట్టూ చేరుతుంది. స్వామి స్వయంగా మంగళభేరి మోగిస్తాడట.

యువరాజు చెవులు నిక్కబొడుచుకున్నాయి.

నాంచారవ్వ ఇల్లు వీధి చివర ఒంటి పెంకుటిల్లు. ఆ ఇంట్లోకి మాత్రం గుమ్మంలోంచే వెళ్ళారు. పెరట్లో ఒక పాడుబడ్డ బావి, దాన్నిండా పైదాకా రాళ్ళు. పక్కింటి కిటికీగుమ్మంలోంచి ఒకావిడ తొంగిచూసి, ఈ పిల్లవాడి మొక్కు కూడా బావిలోనేనా అవ్వా అని వేళాకోళమాడింది. నాంచారవ్వకు మోకాళ్ళ నొప్పులు. గుట్ట ఎక్కలేక, పడుచుతనం దాటినప్పటినుంచీ తన మొక్కురాళ్ళన్నీ ఆ బావిలోనే వేస్తోంది. ఊళ్ళో ఆమెను బావిమొక్కుల నాంచారి అని ఆటపట్టిస్తారు. ఇల్లు దిగకపోవడానికి కూడా వాళ్ళదగ్గర ఒక కారణముంది. ఇంట్లో ఏమైనా ఉంటే గదా బరువుకి దిగడానికి, అంటారు.

"నవ్వనీ నాయనా. నవ్వేవాళ్ళందరూ నా కళ్ళముందు పుట్టినోళ్ళే. వాళ్ళు పుట్టినందుకు వేసిన రాళ్ళు కూడా అందులోనే ఉన్నాయి" అని, ఆమె అరచేతిలో ఇమిడే గుండ్రటి రాయి ఒకటి తెచ్చి అతడి చేతిలో పెట్టింది. "ఇది నీది. ఊబిలోంచి బయటపడ్డందుకు. నీ చేత్తో వెయ్యి."

అతడు చెయ్యి చాచాడు. రాయి ఇంకా వేళ్ళమధ్యనే ఉంది.

ధుం.

ఒక్కటే దెబ్బ. ఎక్కడో దూరంగా, లోతుగా. నాంచారవ్వ వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. ఆ గలగల యువరాజుకు పసితనం నుంచీ తెలుసు. కంపభేరి. రాయి నడుముగుడ్డలో దోపుకుని వీధిలోకి ఉరికాడు.

వీధి వీధిలా లేదు. కుండలో పొంగుకొచ్చే గంజిలా నేల వణుకుతోంది. చీమలపుట్టల్లాంటి చిన్న చిన్న ఇసుకకుప్పలు పుట్టుకొచ్చి, వాటి నోళ్ళలోంచి బురదనీరు చిమ్ముతోంది. బండి ఒకటి ఇరుసుదాకా కూరుకుపోయింది. కట్టేసిన ఆవు మోకాళ్ళదాకా దిగి, ఏం జరిగిందో తెలియక నెమరువేయడం ఆపేసింది. పక్కింటి మేడ ఒకవైపుకి ఒరిగి ఆగిపోయింది. ఇందాక వేళాకోళమాడిన ఆవిడ చంటిపిల్లను పట్టుకుని కిటికీలో బిగుసుకుపోయింది. యువరాజు పొద్దుట నేర్చుకున్న విద్య ఇంత త్వరగా అక్కరకొస్తుందనుకోలేదు. తలుపురెక్క ఊడబెరికి బురద మీద పరిచి, దానిమీద బోర్లా పాకి, తల్లినీ పిల్లనూ లాక్కొచ్చి నాంచారవ్వ పెరట్లో పడేశాడు.

ఆ పెరడు మాత్రం గట్టిగా ఉంది. బావి గుడగుడమంది. రాళ్ళ సందుల్లోంచి నీరు పైకొచ్చి, మర్యాద తెలిసిన చుట్టంలా అంచు మీదుగా పొర్లి, కాలవగుండా వెళ్ళిపోయింది. నేల చెక్కు చెదరలేదు. చూస్తుండగానే బయట వీధి కూడా మెల్లగా గట్టిపడింది. అది పరీక్షకోసం వేసిన దెబ్బ.

అశ్మకేతుడు ఆ నీటినే చూస్తూ నిలబడ్డాడు. ఇసుకలో నీరు నిండుగా ఉంది. భేరి దెబ్బకు ఇసుకరేణువులు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. మధ్యలో చిక్కిన నీటికి పోయే దారిలేక అదే పైకి తన్ని నేలను ఊబి చేస్తుంది. దారి దొరికినచోట పోతుంది, నేల నిలబడుతుంది. రేపు ఊరు ఊరంతా గుట్టచుట్టూ చేరినప్పుడు, స్వామి వేషంలో ఉన్న ఆ శోషనాథుడు ఒక్క దెబ్బతో ఆగడు. తనకు ప్రాణం పోసిన ఊరు తెల్లారి చీకటిపడేలోగా ఉండదు.

తనెవరో అప్పుడే నాంచారవ్వకు చెప్పేశాడు. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. నీ చేతులు ఉలి పట్టిన చేతులు కావని తాడు వేసినప్పుడే అనుకున్నానంది.

మర్నాడు సూర్యుడు వస్తూనే ఇద్దరూ కోటకు వెళ్ళారు. వంటశాల తిరగళ్ళకు గంట్లు పెట్టడానికొచ్చామంటే కాపలావాళ్ళు ఎదురొచ్చి తీసుకెళ్ళారు. పృథులసేన మహారాజు లావుపాటి మనిషి, మంచి మనిషి, చదరంగం పిచ్చివాడు. ఒకప్పుడు నాలుగో అంతస్తు వసారాగా ఉన్న చోట, ఇప్పుడది ముంగిలిగా మారితే, అక్కడ కూర్చుని ఒంటరిగా రెండువైపులా తనే ఆడుకుంటున్నాడు. నాంచారవ్వ నమస్కారం పెట్టి, మారాజా, మీ ఏనుగును ఒకసారి ఇప్పించండి అంది. ఆయన నవ్వి, దంతపు ఏనుగును ఆమె చేతిలో పెట్టాడు.

యువరాజు వంటశాల గంగాళంలో ఇసుక పోయించి, తడిసేదాకా నీళ్ళు పోసి, ఏనుగును మధ్యలో నిలబెట్టాడు. గంగాళాన్ని సుత్తితో పక్కన టకటకా కొట్టాడు. ఇసుక మెరిసింది, మెత్తబడింది. మొదట ఏనుగు కాళ్ళు మునిగాయి, తర్వాత తొండం, తర్వాత అంబారీ. ఏనుగు లేదు.

మహారాజు నవ్వు ఆగిపోయింది.

అతడు ఏనుగును తవ్వి తీసి, ఈసారి ఇసుకలో రెల్లుగొట్టాలు గుచ్చి, వాటిల్లో గులకరాళ్ళు పోసి, గొట్టాలు పైకి లాగేశాడు. రాళ్ళు లోపలే ఉండిపోయాయి. మళ్ళీ కొట్టాడు. గులకరాళ్ళ మధ్యనుంచి నీరు పైకి ఉబికి వచ్చింది. ఏనుగు నిలబడే ఉంది. కాస్త ఒరిగిందేమో గాని నిలబడింది. అప్పుడు రాత్రి విన్న దెబ్బేమిటో, కంపభేరి ఎవరిదో, జలదాతస్వామి అసలెవరో చెప్పాడు. తన రాజముద్రిక తీసి చూపించాడు.

మహారాజు వంగి, ఏనుగును వేలితో నొక్కి చూశాడు. "నీరు తోడి నన్ను దించాడు. దిగినప్పుడల్లా నేనింకో అంతస్తు వేసి నన్ను నేను దించుకున్నాను. దించినవాడికి రాళ్ళు మొక్కి, ఆ బరువు కూడా ఊరి నెత్తినే పెట్టాను" అన్నాడు. కోపంగా కాదు, ఆటలో ఎక్కడ తప్పు ఎత్తు వేశాడో తెలిసినవాడిలా. "సరే యువరాజా. రాళ్ళేవి? కొండల నుంచి పడవలొచ్చేసరికి ఊరుండదు గదా."

ముగ్గురి కళ్ళూ ఒక్కవైపే తిరిగాయి. ముంగిలికి ఎదురుగా పసుపు కుంకాలతో మొక్కుల గుట్ట. దాన్నుంచి రాయి తీసినవాడికి చెయ్యి నరకాలని ఆ రాజ్యపు శాసనం.

"అమ్మకిచ్చింది తిరిగి తీసుకోవడమంటే..." మహారాజు మాట మింగాడు.

"తిరిగి తీసుకోమనట్లా మారాజా" అంది నాంచారవ్వ. "ఆమె పేరే నేలమ్మ. ఆమెకిచ్చేది నేలమీద కుప్పపోస్తే ఆమెకెట్లా అందుద్ది? లోపలికి ఇద్దాం. ఇన్నాళ్ళు నెత్తిన పెట్టాం, ఇప్పుడు చేతికిద్దాం."

మహారాజు లేచి నిలబడ్డాడు. నాంచారవ్వ కాళ్ళకు దండం పెట్టబోతే ఆమె అదిరిపడి వెనక్కి జరిగింది. చదరంగం బల్ల అలాగే వదిలేసి, తన మొక్కురాయిని తనే మొదట ఎత్తడానికి ఆయన గుట్ట దగ్గరికి నడిచాడు.

ఆ పూట సైకతపురిలో జరిగిన పని చూసి తీరవలసిందే. చాటింపు వీధివీధికీ పరుగెత్తింది. కుమ్మరివాడ కదిలొచ్చింది. ఇసుకనేలలో బావి తవ్వితే గోడలు కూలతాయి గనక వాళ్ళు కాల్చిన మట్టి ఒరలు దించుతారు. ఒర మధ్యలో కూర్చుని ఇసుక తోడుతుంటే ఒర దిగుతుంది, దానిపైన ఇంకో ఒర. బావులకోసం పేర్చి ఉంచిన ఒరలన్నీ బళ్ళకెక్కాయి. ప్రతి ముంగిట్లో, ప్రతి సందులో ఒకటి దింపుతున్నారు. ఒర అడుగుకు చేరగానే రాళ్ళు. పై అంతస్తుల పెంకులు, దూలాలు, ధాన్యపు గాదెలు బరువు తగ్గడానికి నదిగట్టుకు తరలిపోతున్నాయి. మహారాజు తన కోట పై అంతస్తులు ముందుగా విప్పించాడు. ఒరలు మాత్రం పూరిళ్ళ వీధుల్లో ముందు వెయ్యమన్నాడు. కోటకు ఆఖరున.

గుట్ట దగ్గర ఎవరి రాయి వాళ్ళే వెతికి తీసుకున్నారు. ఎన్నేళ్ళయినా తమ రాయి తమకు తెలుసు. రాయి ఒరలోకి దించేటప్పుడు ఎందుకు మొక్కారో పైకి చెప్పాలని నాంచారవ్వ షరతు పెట్టింది. దాంతో ఊరంతా గొంతులే. ఇది నా తమ్ముడు నదిలోంచి తిరిగొచ్చినందుకు తల్లీ. ఇది కవలలిద్దరూ బతికినందుకు. ఇది మా ఆయన తాగుడు మానినందుకు, మళ్ళీ మొదలెట్టాడనుకో, అయినా ఆ ఏడాది సుఖంగా గడిచింది. ఒక పెద్దమనిషి మాత్రం తన రాయి పట్టుకుని గొణుగుతూ నిలబడిపోయాడు. గట్టిగా చెప్పమంటే చెప్పడు. చివరికి అతడి భార్యే, మా అమ్మ మా ఇంట్లోంచి వాళ్ళ ఊరెళ్ళిపోయినప్పుడు వేశాడులే అని బయటపెట్టింది. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. మరిచిపోయిన మేళ్ళన్నీ మళ్ళీ నాలుకలమీదికి వచ్చేసరికి, భయపడవలసిన జనం ఏదో శుభకార్యంలో ఉన్నట్టు తిరిగారు. ముసలివాళ్ళు మోయలేని రాళ్ళలో అశ్మకేతుడు ఎత్తుకోని రాయి లేదు. రాజకుమారుడి భుజాల చర్మం లేచిపోయింది. తమ దేశంలో కాలికింద పడేసి తిరిగే రాళ్ళకు ఇంత విలువుందని అతడెన్నడూ అనుకోలేదు.

జలదాతస్వామి ఒకసారి గుట్ట దగ్గర కనిపించాడు. పొడుగాటి మనిషి, ఎండిన తామరతూడులా ఉన్నాడు. తరిగిపోతున్న గుట్టను చూశాడు, దించుతున్న ఒరలను చూశాడు. తన గుట్టు బయటపడిందని తెలియడానికి జనం చూపులే చాలాయి. అతడు నవ్వుతూ గుట్ట వెనక్కి నడిచాడు. యువరాజు చుట్టూ పరుగెత్తి వెళ్ళేసరికి అక్కడ మనిషి లేడు. గుట్ట అడుగున రాళ్ళు తీసేసిన చోట గుండ్రటి ఇసుకమడుగు ఒకటి మిగిలింది, దాని మీద బుడగలు.

కోటకు ఇంకా ఒరలు పడలేదు. సాయంత్రం కాలేదు. భేరి మోగింది.

ఈసారి ఒక దెబ్బ కాదు. ధుం ధుం ధుం ధుం, ఏనుగుల సైన్యం నేలకింద తలకిందులుగా నడుస్తున్నట్టు. నేల పులకరించింది. ఇసుక నీరుగారబోయింది. జనం ఊపిరి బిగబట్టి, యువరాజు చెప్పినట్టే వెల్లకిలా పడుకున్నారు. అప్పుడు మొదలైంది. ముందు కుమ్మరివీధిలో, తర్వాత నేతగాళ్ళ వీధిలో, తర్వాత ఊరంతటా, రాళ్ళు నింపిన ఒరలన్నీ ఒక్కసారిగా నోళ్ళు తెరిచాయి. నేలలో చిక్కిన నీరంతా రాళ్ళ సందుల్లోంచి ఎగజిమ్మింది. వీధివీధికీ జలయంత్రాలు, ఎండలో వెండిచెట్లు మొలిచినట్టు. పసుపు కుంకాలు కడుక్కుని ఆ నీళ్ళు ఎర్రగా, పచ్చగా కాలవలు కట్టి నదివైపు పారాయి. ఇళ్ళు ఊగాయి, కొన్ని గోడలు పడ్డాయి. నేల మాత్రం నిలబడింది.

నిలబడనిది ఒక్క కోట. ఖాళీ అయిన మహాసౌధం ఒకవైపుకి ఒరిగి, ముసలి ఏనుగు పడుకున్నట్టు నిదానంగా వసారా పైకప్పుదాకా దిగిపోయింది. మహారాజు వీధి మధ్యలో వెల్లకిలా పడుకునే అది చూశాడు. పోతే పోయింది, చదరంగం పెట్టె బయటే ఉంది అన్నాడు.

భేరి ఆగలేదు. ఒరల్లోంచి వచ్చే నీరు సన్నబడుతోంది. ఎంతసేపని కక్కుతాయి? కోటపక్క సందు మెత్తబడటం మొదలైంది. చప్పుడు గుట్ట అడుగునున్న ఇసుకమడుగు కిందినుంచే వస్తోందని అశ్మకేతుడికి తెలిసిపోయింది. తాడు అడిగాడు. నాంచారవ్వ తన నడుముదే విప్పింది, ఊబిలోంచి అతణ్ణి లాగిన తాడు. అతడి నడుముకి కట్టి, ముడి గట్టిగా లాగి చూసింది.

"కాళ్ళకింద గట్టి తగిలితే ఒక్కసారి లాగు. తన్నుకోమాక" అంది. ఇంకేదో చెప్పబోయి, "నీ రాయి ఇంకా బావిలో వెయ్యలేదు నువ్వు" అని మాత్రం అంది.

"వచ్చి వేస్తానవ్వా."

మడుగులోకి దిగాడు. ఈసారి బలం చూపించలేదు. ఊపిరి బిగించి, ఒళ్ళు వదులుచేసి, ఇసుక ఎలా తీసుకెళితే అలా వెళ్ళాడు. మోకాళ్ళు, నడుము, గడ్డం, తర్వాత చీకటి. చెవుల్లో భేరి, చర్మం మీద భేరి, పళ్ళలో భేరి. ఊపిరి అయిపోతుందనగా పాదాలకింద ఖాళీ తగిలింది. ఇసుక అతణ్ణి ఉమ్మేసింది. ధబ్బున పడ్డాడు.

పడింది రాతిమీద. చల్లటి, గట్టి, నల్లటి రాతి మీద. వాళ్ళ ఊరి రాయిలాంటి రాయి. తాడు ఒక్కసారి లాగాడు. పైనుంచి ఎవరో తిరిగి లాగారు.

అది మహా గుహ. గోడలనిండా నీలిమణులు మిణుగురుల్లా వెలుగుతున్నాయి. నడుమ నల్లటి పాతాళనది పారుతోంది. దాని ఒడ్డున పడవ, పడవలో కంపభేరి, భేరి వెనక శోషనాథుడు. అతడు కొట్టడం ఆపి, తీరిగ్గా మాట్లాడాడు. ఊరు మునిగితే మనుషులూ మట్టీ పైనే ఆగుతారట, బరువైన బంగారం మాత్రం ఇసుకలోంచి జల్లెడ పట్టినట్టు కిందికి దిగి ఈ గుహలో రాలుతుందట. ఇన్నేళ్ళు వాళ్ళకు నీళ్ళు పోసింది ఈ పంటకోసమేనన్నాడు. చెబుతూనే కత్తి విసిరాడు. యువరాజు వంగాడు. కత్తి అతడి తలమీదుగా పోయి తాడును కోసింది. కోసిన తాడు కొస పాములా పైకి జారి ఇసుకలో మాయమైంది.

శోషనాథుడు రెండు చేతులా భేరికోలలు ఎత్తాడు. "చివరి దరువు" అన్నాడు.

అశ్మకేతుడి చెయ్యి ఆయుధంకోసం నడుముకి పోయింది. ఉలి లేదు, సుత్తి లేదు. నడుముగుడ్డలో ఒకే ఒక్కటి ఉంది, గుండ్రంగా, అరచేతిలో ఇమిడేంత.

విసిరాడు.

రాయి గాలిని చీల్చుకుంటూ వెళ్ళి కంపభేరి చర్మాన్ని నడిమధ్యన తూటు పొడిచి లోపల పడింది. తరతరాల చర్మం, ఒకప్పుడు పిల్లలు దరువులు వేసిన చర్మం, అంచునుంచి అంచుకి చిరిగిపోయింది. కోలలు దిగాయి గాని వచ్చిన చప్పుడు తడిగోతాన్ని కొట్టినట్టుంది. గుహ కప్పు ఈసారి వణకలేదు. కాసేపటికి, చాలా పైన, మందంగా, గోడ అవతలి చుట్టాల మాటల్లా, జనం గోల వినిపించింది. అది ఏడుపు కాదు.

శోషనాథుడు చిరిగిన భేరివైపు ఒక్క క్షణం చూసి, పడవను కాలితో నదిలోకి తోశాడు. నల్లటి ప్రవాహం పడవను లాక్కుని గుహ మలుపువైపు పరుగెత్తింది. భేరి కడుపులో ఏదో అటూ ఇటూ దొర్లుతున్న చప్పుడు మెల్లగా దూరమవుతోంది.

ఊరు నిలిచింది. భేరి పగిలింది. తండ్రి పంపిన పని ఒక విధంగా అయిపోయినట్టే. పైకి వెళ్ళే దారేదో గుహలో వెతుక్కోవచ్చు.

కాని భేరిలో దొర్లుతున్నది నాంచారవ్వ ఇచ్చిన రాయి. అది వెయ్యవలసింది బావిలో. వచ్చి వేస్తానని మాటిచ్చాడు.

అశ్మకేతుడు తలగుడ్డ బిగించుకుని పాతాళనదిలోకి దూకాడు.